తెల్లపొడి, పచ్చగాలి

మన డెల్టా గ్రామములలో బ్లీచింగు పొడి నెఱుగని యిల్లు లేదు. బావిలో వేయుదురు, వానకాలమున మురుగుకాలువ వెంట చల్లుదురు, ఇంట శుభకార్యము తలపెట్టినప్పుడు పెరటిలో చల్లుదురు. దాని వాసన తగిలినచోట శుభ్రత యున్నదని మన ముక్కునకు నమ్మకము కుదిరినది. ఆ నమ్మకము అకారణమైనది కాదు గాని యందు సగమే సత్యము. మిగిలిన సగమును మేము నేర్చుకొనిన తీరును, ఆ పొడి వెనుకనున్న రెండువందల యేబది యేండ్ల కథను చదువరుల ముందుంచుచున్నాము.

2024వ సంవత్సరము సెప్టెంబరు మొదటి దినములలో కృష్ణకు వచ్చిన వఱదను మనవారెవ్వరును మఱచియుండరు. ప్రకాశము బ్యారేజి యొద్ద 11 లక్షల 43 వేల క్యూసెక్కుల ప్రవాహము నమోదైనది. దిగువన కొల్లూరు, భట్టిప్రోలు, రేపల్లె మండలముల లంకలు నీట మునిగినవి. రేపల్లె వైపున నదికి దగ్గఱగా మా చిన్నమ్మగారి యిల్లు కలదు. నీరు తీసిన తరువాత వచ్చిన యాదివారమున మేము తెనాలిలో రైలెక్కి యచ్చటికి పోయితిమి. గోడలపై మోకాలియెత్తున బురద చాఱ యుండెను. అరటిచెట్లు నేలకొరిగియుండెను. బస్తాలలోని పసుపు నానిపోయి యిల్లంతయు నొకవిధమైన ముక్కవాసన వేయుచుండెను. ఊరిలో బ్లీచింగు పొడి సంచులు దింపి యింటింటికిని పంచియిచ్చిరి.

చిన్నమ్మగారి కోడలు మిక్కిలి శుభ్రమైన మనిషి. ఆమె ఆ ప్రొద్దున మరుగుదొడ్డిలో నాలుగైదు గుప్పెళ్ల పొడి చల్లి రుద్దినది. వఱద తెచ్చిన మడ్డి వదలలేదు. అంతట అంగడినుండి తెచ్చిన యాసిడు సీసా తెఱచి, ఆ తడిపొడి మీదనే పోసినది. నీళ్లు వసారాలోనికి చిందకుండుటకై తలుపు చేరవేసికొన్నది. మేము వాకిట కూర్చుండి చిన్నమ్మగారితో పంట నష్టమును గుఱించి మాటలాడుచుండగా లోపలనుండి దగ్గు వినవచ్చెను. ఆ దగ్గు ఆగలేదు. మేము పోయి తలుపు తోయునప్పటికి ఆమె గోడ పట్టుకొని వంగియుండెను. కన్నులు నెత్తురు ముద్దలవలె నుండెను. నేలపై పసుపుపచ్చని పొగ వంటిది పాకుచుండెను. మాకును గొంతు పట్టివేసినది. ఆమెను చేయి పట్టి యీవలికి లాగి, వేపచెట్టు క్రింద కూర్చుండబెట్టితిమి. కొంతసేపటికి మాట వచ్చినది.

“బావగారూ, రెండూ శుభ్రం చేసే మందులే కదా! రెండూ కలిపితే ఇంకా బాగా పోతుందనుకున్నాను.”

రేపల్లెలో వైద్యుని యొద్దకు తీసికొనిపోగా, ప్రాణవాయువు పెట్టి ఆ రాత్రి అచ్చటనే యుంచిరి. ఆమె ప్రశ్నకు మాత్రము వైద్యుడు జవాబు చెప్పలేదు; ఆయనకు తీఱికయు లేదు. ఇరువది యేండ్లుగా పిల్లలకు పాఠములు చెప్పుచున్న మాకును ఆ పూట సరియైన జవాబు నోటికి రాలేదు. తెనాలికి తిరిగివచ్చి పుస్తకములు తీసితిమి.

స్వీడను దేశమున షీలే యను ఔషధవిక్రేత యొకడుండెను. ఆయన 1774లో మాంగనీసు ఖనిజమును ఉప్పుద్రావకముతో కాచి, పసుపును ఆకుపచ్చయు కలిసిన వన్నె గల యొక వాయువును మొదటిసారి పట్టెను. అది గొంతును నులుముననియు, పూలకును ఆకులకును రంగు పోగొట్టుననియు ఆయనయే వ్రాసిపెట్టెను. అనగా, ఈ గాలియొక్క గుణమును దోషమును ఒక్కనాడే, ఒక్కని చేతనే, ఒక్క గదిలోనే తెలియబడినవి. అది మూలపదార్థమని షీలే కనిపెట్టలేకపోయెను. 1810లో ఇంగ్లండున హంఫ్రీ డేవీ యది మూలపదార్థమని నిశ్చయించి, గ్రీకు భాషలో పచ్చనిదని యర్థమిచ్చు మాటనుండి దానికి క్లోరిన్ అని పేరు పెట్టెను.

ఇచ్చట మా వృత్తికి సంబంధించిన ముచ్చట యొకటి చెప్పక తీఱదు. ఆ గ్రీకు మాట లేతయాకుపచ్చకును పసుపునకును చెల్లునట. సంస్కృతమున ‘హరిత’ శబ్దమును అట్టిదే. భాషాశాస్త్రజ్ఞులు ఈ రెంటికిని ఒకే ధాతువు మూలమందురు. తెలుగున ‘పచ్చ’ యన్నచో పసుపు పూసిన మొగమును పచ్చనే, వరిచేనును పచ్చనే. ఇంగ్లీషువారు రెండు మాటలు చేర్చి చెప్పవలసిన యీ వాయువు వన్నెకు మన తెలుగువారి కొక్క మాట చాలును. కావున మేము దీనిని పచ్చగాలి యనుచున్నాము.

రంగు పోగొట్టు గుణము వర్తకుల కంటబడుటకు ఆలస్యము కాలేదు. అంతకుముందు ఐరోపాలో నూలుగుడ్డను, నారగుడ్డను తెల్లచేయుటకు నెలలు పట్టెడిది. బూడిదనీట ఉడికించి, పచ్చికబయళ్లమీద పఱచి, ఎండకును మంచునకును వదలి, పులిసిన మజ్జిగలో నానవేసి, మరల పఱచెడివారు. ఫ్రాన్సున బెర్తొలే 1785లో పచ్చగాలిని నీట కలిపి గుడ్డను తెల్లచేయు పద్ధతిని చూపెను. అది త్వరిత పద్ధతియే గాని పనివాండ్ర యూపిరితిత్తులకు మిత్తి. గాలిని కుండలో కట్టిపెట్టి బండిమీద పంపుటకు వీలులేదు గదా! ఆ చిక్కును గ్లాస్గో నగరమున చార్లెస్ టెనంట్ విడదీసెను. ఆయన 1799లో హక్కుపత్రము పొందిన యుపాయము చూడ మిక్కిలి సులభము: పొడిసున్నముపై పచ్చగాలిని పోనిచ్చుట. సున్నము ఆ గాలిని పీల్చుకొని కట్టివైచును. మిగిలినది తెల్లని పొడి. పీపాలో నింపవచ్చును, ఓడ కెక్కించవచ్చును, కావలసినచోట నీట కలుపుకొనవచ్చును. అదియే మన బ్లీచింగు పొడి. మన తీరమున మగ్గములను మూలబెట్టించిన సీమ మిల్లుగుడ్డల తెలుపు వెనుక ఈ పొడియు నున్నదని చీరాల, వేటపాలెముల నేతగాండ్ర మనుమలకు తెలియునో లేదో!

సున్నము కట్టిన యా కట్టు ఎంత గట్టిది? నీరు దానిని కొంచెము కొంచెముగా వదలించును. శుభ్రపఱచుట యనగా నదియే. కాని ఆమ్లము, అనగా పుల్లని ద్రావకమేదైనను తగిలినచో, ఆ కట్టు ఒక్క పెట్టున తెగును. సున్నము ఆమ్లముతో పోయి కలియును. పచ్చగాలి విడుదల యగును. షీలే 1774లో కాచి పట్టినదానిని, టెనంట్ 1799లో కట్టివైచినదానిని, మన యిల్లాలు సీసెడు యాసిడుతో ఒక్క నిమిషములో మరల విప్పుచున్నది. రెండును శుభ్రము చేయునవే యనుట నిజము. అవి శుభ్రము చేయు తీరులు పరస్పర విరుద్ధములు. ఒకటి సున్నపుజాతి, రెండవది ద్రావకజాతి. రెండింటిని కలిపినప్పుడు శుభ్రత రెట్టింపు కాదు సరిగదా, ఒకదాని బలము రెండవది తినివేయును, మధ్యలో విషము పుట్టును.

ఆ యాసిడునకును చరిత్ర కలదు. మన రసశాస్త్రకారులు శంఖద్రావకమని యొకదానిని చెప్పిరి. శంఖమును సైతము కరగించు నని దానికా పేరు. అది వైద్యుని చేతిలో చుక్కలలెక్కన నుండెడి వస్తువు. సీసాలలెక్కన, పీపాలలెక్కన ఉప్పుద్రావకము పుట్టినది పారిశ్రామిక యుగమున. సబ్బునకును గాజునకును కావలసిన సోడాను లెబ్లాంక్ పద్ధతిని ఉప్పునుండి తీయుచు, ఇంగ్లండు కర్మాగారములు ఉప్పుద్రావకపు పొగను గొట్టములనుండి యాకాశములోనికి వదలెడివి. చుట్టుప్రక్కల చెట్లు మాడినవి, పొలములు మాడినవి. పొలముల యజమానులు గగ్గోలు పెట్టగా 1863లో అచ్చటి పార్లమెంటు ఆల్కలీ చట్టమును చేసినది. పొగలోని ద్రావకమున నూటికి 95 పాళ్లు నీట పట్టివేయవలెనని శాసించినది. పనివాండ్ర దగ్గునకు కలుగని చట్టము భూస్వాముల చెట్లకు కలిగినదని కొందఱు వెక్కిరింతురు; మేమా మాటను త్రోసివేయలేము. పట్టిన ద్రావకము నేమి చేయవలెను? దానినుండియే పచ్చగాలిని తీసి, సున్నమునకు పట్టించి, మరింత బ్లీచింగు పొడి చేసిరి. కర్మాగారములో ఆ రెంటిని కలుపుటకు ముందు మూసిన పాత్రలు, గొట్టములు, కావలివాండ్రు ఉండిరి. మన మరుగుదొడ్డిలో నున్నది చేరవేసిన తలుపొక్కటియే.

గుడ్డలను తెల్లచేసిన పొడి ప్రాణములను కాపాడుట మొదలుపెట్టిన కథ యింతకంటె మనోహరము. పారిసు నగరమున పశువుల ప్రేగులు శుభ్రము చేయు దుర్గంధపు కొట్టములలో లబరాక్ యను ఔషధవిక్రేత 1820 ప్రాంతమున ఈ జాతి ద్రవములను వాడి కుళ్లు నాపెను. వియన్నాలో 1847లో సెమ్మెల్వైస్ యను వైద్యుడు, పురుటి వార్డులోనికి పోవుటకు ముందు వైద్యులందఱును క్లోరినేటెడ్ సున్నపునీట చేతులు కడుగుకొనవలెనని పట్టుబట్టెను. ఆ యేప్రిలున నూఱుగురు బాలింతలలో పదునెనిమిది మంది చనిపోవుచుండగా, జూనునాటికి ఇద్దఱకు తగ్గిరి. క్రిముల సంగతి యింకను లోకమునకు తెలియని దినములవి. తోటి వైద్యులు ఆయనను నమ్మలేదు. ఆయన మాట నెగ్గుటకు ముందే, 1865లో ఒక పిచ్చాసుపత్రిలో ఆయన చనిపోయెను. మన యిండ్లలో పురుడు పోసికొని క్షేమముగా లేచిన తల్లులందఱును ఆ తెల్లపొడికి కొంత ఋణపడియున్నారు.

నీటిమాట చెప్పవలెనన్న, ఇంగ్లండున మెయిడ్‌స్టన్ పట్టణమునకు 1897లో సన్నిపాతజ్వరము పట్టినప్పుడు మంచినీటి గొట్టములను బ్లీచింగు పొడితో కడిగిరి. అమెరికాలో జెర్సీసిటీ వారు 1908నుండి ఊరి నీటి కంతటికిని నిత్యము కలుపసాగిరి. మన దేశమున అంతకుముందు బావులకు ఎఱ్ఱమందు, అనగా పొటాషియము పర్మాంగనేటు వేయుట వాడుక. 1890ల దశాబ్దమున హాంకిన్ అను క్రిమిశాస్త్రజ్ఞుడు కలరాకు దానిని ప్రచారము చేసెను. గులాబిరంగు నీళ్ల బావిని చూచిన ముసలివారు మొన్నమొన్నటివఱకు నుండిరి. క్రమముగా ఎఱ్ఱమందు పోయి తెల్లపొడి వచ్చినది.

1977 నవంబరు 19వ తేదీని దివిసీమను ముంచిన యుప్పెన రేపల్లె, బాపట్ల తాలూకాలను గూడ విడువలేదు. బాపట్లలో ప్రార్థనాలయమున తల దాచుకొనినవారు, కప్పు కూలి సుమారు నూఱుమంది మరణించిరి. మొత్తము మృతులు పదివేలని ప్రభుత్వము లెక్కచెప్పినది. మేమప్పటికి పుట్టలేదు; మా తండ్రిగారు చెప్పగా విన్నాము. శవములు తేలిన చెఱువులలో, ఉప్పునీరు నిండిన బావులలో సంచులకొలది తెల్లపొడి గ్రుమ్మరించిరనియు, ఆ వాసన తగిలిననాడు ఇక బ్రతుకుదుమని యనిపించినదనియు ఆయన యనుచుండెడివారు. ఆ వాసనను దూషించుట మా యుద్దేశము కాదు. వేయి లీటర్ల నీటికి మంచి బ్లీచింగు పొడి రెండున్నర గ్రాములు చాలునని ప్రజారోగ్యగ్రంథములు చెప్పుచున్నవి. ఒక చెంచా కంటె తక్కువ! ఔషధమైనంతకాలము దాని కొలత యది.

కొలత తప్పించి, కట్టు విప్పి, దానిని మనుష్యులమీదికి బుద్ధిపూర్వకముగా వదలిన దినము 1915 ఏప్రిల్ 22. బెల్జియమున ఈప్ర్ పట్టణము వద్ద జర్మను సైన్యము అయిదువేల ఏడువందల పై చిలుకు ఉక్కు సిలిండర్లనుండి సుమారు 160 టన్నుల పచ్చగాలిని ఎదుటి కందకములమీదికి వదలినది. పచ్చని మేఘము నేలను పట్టుకొని నడచివచ్చినదని చూచినవారు చెప్పిరి. అది గాలికంటె రెండున్నర రెట్లు బరువు. కావున ఎగిరిపోదు, కందకములలోనికి దిగును. నాలుగు దినముల తరువాత, ఏప్రిల్ 26న, మన దేశమునుండి పోయిన లాహోరు డివిజను సిపాయీలు ఆ రంగమున ముందునకు నడచిరి. వారిమీదను వదలిరి. జమేదారు మీర్ దస్త్ ఆ గాలిలోనే తన దళమును నడిపించి, గాయపడిన యెనమండుగురు బ్రిటిషు, భారతీయ యధికారులను మోసికొనివచ్చి విక్టోరియా క్రాస్ పొందెను. పంజాబునుండియు సరిహద్దులనుండియు పోయిన రైతుబిడ్డలు తమకు పేరు తెలియని గాలి పీల్చి ఫ్రాన్సు ఆసుపత్రులలో పడియుండిరి. ఆనాటి కందకమునకును ఈనాటి మరుగుదొడ్డికిని నడుమ ఉద్దేశమున భేదమున్నది, గాలి యొక్కటే.

శరీరములో అది చేయు పని యిది. కన్నులు, ముక్కు, గొంతు, ఊపిరిగొట్టములు, వీని లోపలి పొరలు ఎల్లప్పుడు తడిగా నుండును. పచ్చగాలి ఆ తడిలో కరగి అచ్చటనే ఆమ్లమగును. లోపలి పొర మాడును. ఎక్కువగా పీల్చినచో ఊపిరితిత్తులలో నీరు ఊరును. ఇది వెంటనే కాక, కొన్ని గంటల తరువాత, ఒకప్పుడు మఱునాటికి బయటపడవచ్చును. దగ్గు తగ్గినదని యింటికి పంపిన మనిషి రాత్రి ఆయాసపడుట ఇందువలననే. ఉబ్బసము గలవారికిని పసివారికిని కొద్దిపాటిదియే చాలును.

ఎంత పుట్టును అని మా తరగతి పిల్లలచేత లెక్క కట్టించితిమి. మంచి బ్లీచింగు పొడి నూఱు గ్రాములలో ఆమ్లము తగిలినచో వెలువడగల పచ్చగాలి సుమారు 30 గ్రాములు. అనగా రమారమి పది లీటర్లు. అయిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల యెత్తు గల మరుగుదొడ్డిలో పట్టు గాలి నాలుగున్నర వేల లీటర్లు. పది లక్షల పాళ్లలో రెండువేల రెండువందల పాళ్లకు పైన వచ్చినది లెక్క. వేయి పాళ్లు కొద్ది నిమిషములలో ప్రాణము తీయునని విషశాస్త్రగ్రంథములు చెప్పుచున్నవి. ముప్పదికే ఛాతీ నొప్పియు ఊపిరాడకుండుటయు కలుగును. పొడి యంతయు ఒక్కసారి ద్రావకము నంటదు, తలుపు సందున కొంత పోవును, పాతపొడిలో సత్తువ తగ్గియుండును. అవన్నియు తీసివేసి ఏబదవ వంతే పుట్టినదనుకొన్నను నలువదికి పైనే. ఒక పిల్లవాడు పలకవంక చూచుచు, “మాస్టారూ, మా ఇంట్లో గది ఇంకా చిన్నదండీ,” అనెను.

మఱియొక మాట. మన మరుగుదొడ్లలో కూర్చుండి, వంగి రుద్దవలెను. బరువైన గాలి నేలనంటి నిలుచును. రుద్దువారి ముక్కు సరిగా అచ్చటనే యుండును.

ఆమ్లమే కాదు, అమ్మోనియాయు ఈ తెల్లపొడికి శత్రువే. అమ్మోనియా తగిలినచో క్లోరమీనులను మఱియొక జాతి విషవాయువులు పుట్టును. అవియు కన్నులను ఊపిరితిత్తులను కాల్చును. మా యింట అమ్మోనియా లేదని యనుకొనవద్దు. నిలువయున్న మూత్రమునుండి వచ్చు ఘాటు వాసన అమ్మోనియాయే. నీళ్లు పోసి కడుగకుండ, ఎండిన మూత్రమరకలపై బ్లీచింగు పొడి చల్లినప్పుడు కన్నులు మండుటకు కారణమిదియే. మా చిన్ననాట కళాయివాడు వేడి గిన్నెలో నవాసారము చల్లగా తెల్లని పొగ లేచి, మేమందఱము దగ్గుచు పరుగెత్తుట జ్ఞాపకమున్నది. ఆ నవాసారమును అమ్మోనియా సంబంధియే. కళాయివాడు చెట్టు క్రింద, గాలి వీచు వైపు తెలిసికొని కొలిమి పెట్టెడివాడు. ఆ తెలివి పుస్తకములలోనిది కాదు.

పూర్వపు గృహిణుల సాధనములు బూడిద, చింతపండు, కుంకుళ్లు, సీకాయ, చవుడు, సున్నము, పేడ. వానిని ఎట్లు కలిపినను మనిషి పడిపోడు. అందుచేత పాతకాలమే మంచిదని చెప్పు సోదరులు కొందఱున్నారు. వారితో మేము కలియము. ఆ బూడిద తోమిన బిందెలలోనే కలరా నీరు తెచ్చుకొని ఊళ్లకు ఊళ్లు పోయినవి. పాత యిండ్లలో మరుగుదొడ్డి శుభ్రము చేయు ప్రశ్నయే లేదనుటకు కారణము, ఆ పనికి ఒక కులమును నియమించి, పెరటి దారిని రప్పించి, వారి ముఖము చూడకుండ వెనుదిరిగి నిలుచుటయే. చేతితో మలము తీయించుటను నిషేధించుచు 1993లోను, మరల 2013లోను చట్టములు చేయవలసి వచ్చిన దేశము మనది. కావున వెనుకకు పోవలెనను మాట కాదు. ఇండ్లలోనికి మరుగుదొడ్డి వచ్చినది, మంచిదే. దానితో సీసాలు వచ్చినవి. సీసాలతో రావలసిన తెలివి మాత్రము దారిలో ఎచ్చటనో నిలిచిపోయినది.

ఆ తెలివి లేనందున ఎవరు నష్టపడుచున్నారు? ఇంటి యజమాని కాదు. కోడలు, పనిమనిషి, బడిలోని ఆయా, బస్సుస్టాండులోని స్వీపరు. 2020లో కరోనా వచ్చినప్పుడు మన వీథులన్నిటను హైపోక్లోరైటు ద్రవమును చల్లించితిమి. అది బ్లీచింగు పొడికి తోబుట్టువు. కొన్నిచోట్ల మనుష్యులమీదను చల్లగా, ఆ యేప్రిలు నెలలోనే కేంద్ర ఆరోగ్యశాఖ అది కూడదని చెప్పవలసి వచ్చినది. ఆ మందుల పంపు వీపున మోసిన పారిశుద్ధ్య కార్మికుల దగ్గును ఎవరును లెక్కపెట్టలేదు. అమెరికావారు మాత్రము లెక్కలు వ్రాసికొందురు: ఆ సంవత్సరము మొదటి మూడు నెలలలో శుభ్రపఱచు మందుల వలన, క్రిమిసంహారకముల వలన బాధపడి విషసమాచార కేంద్రములకు వచ్చిన పిలుపులు 45,550, అంతకుముందటి యేడు అవే నెలలకంటె నూటికి ఇరువది హెచ్చు. ఒక స్త్రీ వార్తలలో విని, కూరగాయలు కడుగుటకు బ్లీచింగు ద్రవమును, వెనిగరును, వేడినీళ్లను తొట్టిలో కలిపి ఆసుపత్రి పాలయ్యెను. చదువున్న దేశము, ముద్రించిన హెచ్చరిక యున్న సీసా. అయినను మా మఱదలి తలంపే ఆమె తలంపు.

విశాఖపట్టణము చేరువ ఆర్.ఆర్. వేంకటాపురమున 2020 మే 7వ తేదీ తెల్లవాఱుజామున కర్మాగారమునుండి స్టైరీను వాయువు వెలువడి పండ్రెండుగురు చనిపోయిరి. భోపాలు సంగతి చెప్పనక్కఱలేదు. అట్టి దినములలో పత్రికలు మేల్కొనును, విచారణసంఘములు కూర్చుండును. మరుగుదొడ్డిలో ఒంటరిగా దగ్గిన ఆడుదానికి విచారణసంఘము లేదు. “చూచుకొని చేయవద్దా?” అను మాటయే ఆమెకు దక్కు తీర్పు. మేమును ఆనాడు వేపచెట్టు క్రింద సరిగా ఆ మాటయే అంటిమి. వ్రాయుటకు సిగ్గగుచున్నది గాని దాచుట మంచిది కాదు.

చేయవలసినది కష్టమైనది కాదు. బ్లీచింగు పొడిని గాని, ద్రవమును గాని నీటితోనే వాడవలెను. మఱి దేనితోను కాదు. నిమ్మరసము, చింతపండు, వెనిగరు, యాసిడు, అన్నియు పుల్లనివే, అన్నియు ఆ కట్టును విప్పునవే. యాసిడు వాడదలచినచో బ్లీచింగు వాసన పూర్తిగా పోవునట్లు బిందెలకొలది నీళ్లు పోసి కడిగి, వీలయిన మఱునాడు వాడవలెను. అదియు తలుపును కిటికీయు తెఱచి. పొరపాటున రెండును కలిసినచో, దానిని కడిగివేయుదమని అచ్చట నిలువరాదు. మొదట బయటికి వచ్చివేయవలెను. కన్నులను చాలసేపు మంచినీట కడుగవలెను. దగ్గు, ఆయాసము నిలిచినచో ఆలస్యము చేయక వైద్యుని చూడవలెను; నిలువకున్నను ఆ రాత్రి ఒకరు కనిపెట్టి యుండవలెను. లోపల పడినవారికొఱకు పోవువారు ఊపిరి బిగబట్టి పోయి లాగుకొని రావలెను, లోపల నిలిచి మాటలాడరాదు.

ఇక సీసాల సంగతి. పెద్ద కంపెనీల సీసాలపై హెచ్చరిక యుండును గాని, ఇంగ్లీషున, ఆవగింజంత అక్షరములతో. పల్లెటూరి యంగడిలో దొరకు యాసిడునకు అదియును లేదు. పాత నీళ్లసీసాలో పోసి యిత్తురు. స్త్రీలపై యాసిడు దాడులను అరికట్టుటకై 2013 జూలైలో సుప్రీముకోర్టు, కొన్నవారి పేరు, ఊరు పుస్తకమున వ్రాసికొనకుండ యాసిడు అమ్మరాదని ఉత్తరువు చేసినది. మా మఱదలు కొన్న సీసాకు ఏ పుస్తకమును లేదు. పొడి పంచిన వారును సంచి విప్పి యిచ్చిరే గాని, దేనితో కలుపరాదో చెప్పలేదు. వఱద పని నడుమ వారికి మాత్రము తీఱిక యెక్కడిది? అయినను సంచితోపాటు నాలుగు తెలుగు మాటలు అచ్చువేసిన చీటీ యొకటి యిచ్చుటకు ఏమంత వ్యయమగును? మా పిల్లలు అట్టి చీటీని చేతివ్రాతతో తయారుచేసి బడిలో ఆయా సామానులుంచు గదికి అంటించినారు. “పొడి మీద యాసిడు పోయరాదు, యాసిడు మీద పొడి వేయరాదు” అని వ్రాసిరి. ఆయాకు చదువు రాదని తెలిసి, మఱునాడు ఆమెకు చదివి వినిపించి, ఆమెచేత తిరిగి చెప్పించుకొనిరి.

దసరాకు మేము మరల చిన్నమ్మగారి యింటికి పోయితిమి. దగ్గు తగ్గినది గాని నీళ్లబిందె యెత్తినచో ఇంకను ఆయాసము వచ్చుచున్నదని మఱదలు చెప్పినది. పొడి డబ్బా అటకపై నుండెను. యాసిడు సీసా ఏదియని యడుగగా, “పశువుల పాకలో పెట్టించానండీ బావగారూ, పిల్లలకు అందకుండా,” అనినది. పోయి చూచితిమి. రెండవ తరగతి చదువు ఆమె కుమారుడు సీసామీద బలపముతో పుఱ్ఱెబొమ్మ గీసియుండెను. బలపము సరిగా అంటక, పుఱ్ఱెలో సగమే కనబడుచుండెను.